హడ్సన్ ఒడ్డు ఊరికి పడ్డ బాకీ

మాది జెర్సీ సిటీ, మన్‌హాటన్‌కి ఎదురుగా హడ్సన్ నదికి ఇవతల ఉన్న న్యూజెర్సీ ఊరు. మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఇక్కడి అద్దెల గొడవ ఎప్పుడూ ఉండేదే. మొన్న ఒకాయన, నది ఒడ్డున టవర్ల పేట న్యూపోర్ట్‌లో చాలాకాలంగా ఉంటున్నవాడే, ఒక్క ముక్కలో తేల్చేశాడు: "నలభై ఏళ్ళ క్రితం ఇక్కడ తుప్పు పట్టిన పట్టాలూ ఎలుకలూ తప్ప ఏం లేవు. బిల్డర్లు వచ్చి బంగారం చేశారు. అద్దె ఎక్కువనిపిస్తే పక్కూరు బేయోన్ పోండి." దానికి బొటనవేళ్ళు బాగానే పడ్డాయి. నేను జవాబు టైపు చేయడం మొదలుపెట్టాను, అది ఎంతకీ తెగలేదు. అందుకే ఇక్కడికి తెచ్చాను.

ఆయన మాటలో మొదటి సగంతో నాకు పేచీ లేదు. పట్టాలు నిజం, ఎలుకలు నిజం. రెండో సగమే మింగుడు పడలేదు. ఆ నేల అలా పాడుబడటానికి కారణం ఉంది. అది బంగారం కావడానికి ఎవరి డబ్బు ఎంత పోసారన్న లెక్క కూడా ఉంది. నేను చెప్పదలుచుకుంది ఇది: ఈ ఒడ్డు వందేళ్ళకు పైగా ఊరి మీద ఆధారపడి బతుకుతోంది, ఊరికి కట్టాల్సినంత మాత్రం ఎప్పుడూ కట్టలేదు. రైల్వే కంపెనీల రోజుల్లో అదే కథ, టవర్ల రోజుల్లోనూ అదే కథ.

న్యూపోర్ట్ మీద కడుపుమంటతో రాస్తున్నానని అనుకునేవాళ్ళ కోసం ఒక మాట. మా కాపురం మొదలైంది అక్కడే. పాత్ రైలెక్కితే కాసేపట్లో మన్‌హాటన్, కిందికి దిగితే నది, పక్క ఫ్లాట్లో గుంటూరువాళ్ళు, పై అంతస్తులో కరీంనగర్ వాళ్ళు, ఆదివారం పొద్దున లిఫ్టులో ఇంగువ పోపు వాసన. మన దుకాణాలుండే ఇండియా స్క్వేర్ నుంచి బియ్యం బస్తా మోసుకురావడం ఒక్కటే కష్టం. తర్వాత ఊరి లోపల, జర్నల్ స్క్వేర్ అవతల చిన్న ఇల్లు కొనుక్కున్నాం. మూడు నెలలకోసారి ప్రాపర్టీ ట్యాక్స్ కట్టడం మొదలయ్యాకే నదివైపు చూసే చూపు మారింది. అద్దెకున్నన్నాళ్ళూ ఈ సంగతి నా తలకెక్కలేదు, ఎక్కాల్సిన అవసరమూ రాలేదు.

ఓడలేవీ?

మా నాన్నగారు విశాఖ పోర్టులో టాలీ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. మొదటిసారి వచ్చినప్పుడు ఎక్స్‌ఛేంజ్ ప్లేస్ దగ్గర నది ఒడ్డుకు తీసుకెళ్ళాను, ఎదురుగా మన్‌హాటన్ చూసి మురిసిపోతారని. ఆయన అటు ఒకసారి చూశారు, తర్వాత నీళ్ళవైపు చూశారు. "ఇంత లోతు నీళ్ళున్నాయి, రేవంటున్నావు, ఒక్క ఓడా లేదేంట్రా?" ఫెర్రీలు చూపించాను. అవి ఆయన లెక్కలోకి రాలేదు. అక్కడ గట్టు పొడుగునా తాళ్ళు కట్టే ఇనప దిమ్మలు ఉంటాయి, పోర్టువాళ్ళ భాషలో బొలార్డులు. ఒకదాని దగ్గర వంగి మెడ చుట్టూ చెయ్యి పెట్టి తడిమారు. "దీనికి తాడు రాపిడే లేదు. పెయింటు పెళ్ళకూడా లేవలేదు. చూడ్డానికి పెట్టారు" అన్నారు. ఆ తర్వాత అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ పనికొస్తోంది: "మరి ఇక్కడ కళాసీలంతా ఎక్కడుండేవాళ్ళు? వాళ్ళ పిల్లలేం చేస్తున్నారు?"

ఎక్కడుండేవాళ్ళో చెప్పడం తేలికే. పట్టాలకు పడమరగా, నడిచి పనికెళ్ళేంత దూరంలో, ఐరిష్, పోలిష్, ఇటాలియన్ కుటుంబాలు, ఆ తర్వాత నల్లవాళ్ళు, ప్యూర్టోరికో నుంచి వచ్చినవాళ్ళు. ఈ ఒడ్డున ఎక్స్‌ఛేంజ్ ప్లేస్ దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్, ఇప్పటి న్యూపోర్ట్ దగ్గర ఈరీ, దక్షిణాన ఇప్పటి లిబర్టీ స్టేట్ పార్కులో సెంట్రల్ రైల్‌రోడ్ ఆఫ్ న్యూజెర్సీ. దేశంలోంచి వచ్చిన సరుకూ మనుషులూ ఇక్కడ రైలు దిగి నది దాటాల్సిందే. ఎల్లిస్ ఐలండ్ నుంచి వచ్చిన వలసదారుల్లో ఎక్కువమంది ఆ సెంట్రల్ టెర్మినల్లోనే రైలెక్కి దేశం లోపలికి పోయారు. 1889లో కట్టిన ఆ స్టేషన్ ఇప్పటికీ ఉంది, రైళ్ళు 1967లోనే ఆగిపోయాయి. మధ్యలో కోల్గేట్ సబ్బు ఫ్యాక్టరీ. 19వ శతాబ్దంలో వచ్చి 1980ల దాకా ఉంది.

పాడుబడింది ఎవరి బద్ధకం వల్లో కాదు. 1956 ఏప్రిల్ 26న ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 కంటైనర్లతో నెవార్క్ నుంచి హ్యూస్టన్ బయల్దేరింది. ఆ పెట్టెలకు కావాల్సింది వెడల్పాటి ఖాళీ నేల, హైవే. అది నెవార్క్, ఎలిజబెత్ వైపు ఉంది. వేళ్ళలా నీళ్ళలోకి చొచ్చుకొచ్చిన ఇరుకు పియర్లకు పనిలేకుండా పోయింది. రైల్వే కంపెనీలూ వరసగా దివాలా తీశాయి: సెంట్రల్ 1967లో, పెన్ సెంట్రల్ 1970లో, ఈరీ లాకవానా 1972లో. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొస్తున్నప్పుడు టర్న్‌పైక్ వంతెన మీద నాన్నగారు కిటికీలోంచి ఎలిజబెత్ రేవు క్రేన్లు చూసి, అప్పుడు మాత్రం నిజంగా సంతోషించారు. ఓడలు పోలేదు, కొద్ది మైళ్ళ అవతలికి వెళ్ళాయి. పనీ వాటి వెంటే వెళ్ళింది, అదీ మునుపటికన్నా చాలా తక్కువమందికి సరిపడా.

1930లో జెర్సీ సిటీ జనాభా 3,16,715. 1980 నాటికి 2,23,532. మా గ్రూపు మిత్రుడు చెప్పే "ఏమీ లేని" రోజులు ఇవే. ఏమీ లేకపోవడం పట్టాల మధ్య ఉందేమోగానీ రెండు వీధులు లోపలికెళ్తే రెండు లక్షల పైచిలుకు జనం ఉన్నారు.

ఫేగన్ పోట్లాట

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఇప్పటి పన్ను గొడవ ఇప్పటిది కాదు మరి.

1901లో మార్క్ ఫేగన్ అనే ఆయన ఈ ఊరికి మేయరుగా ఎన్నికయ్యాడు. శవాలకు అంత్యక్రియలు ఏర్పాటు చేయడం ఆయన వృత్తి. డెమొక్రాట్ల కంచుకోటలో రిపబ్లికన్‌గా నిలబడి గెలిచాడు. బళ్ళు కట్టాలనుకున్నాడు, పార్కులు కావాలన్నాడు. ఖజానా చూస్తే ఖాళీ. నదీముఖం దాదాపు అంతా రైల్వే కంపెనీల చేతిలో ఉంది. ఊళ్ళోకెల్లా ఖరీదైన నేల అది. కానీ రైల్వే ఆస్తిలో ముఖ్యమైన భాగానికి విలువ కట్టేది రాష్ట్రం, రేటూ వేరే, మామూలు ఇంటి యజమాని కట్టే ఊరి రేటు కన్నా తక్కువ. గుమస్తా తన ఇంటికి పూర్తి పన్ను కట్టాలి, పక్కనే ఉన్న రైలు యార్డుకు అక్కర్లేదు. ఫేగన్, ఆయన సలహాదారు జార్జ్ రికార్డ్ అనే లాయరు దీన్నే ఎన్నికల విషయం చేశారు. రైల్వేలకూ అందరిలాగే పన్ను వెయ్యాలి, అంతే వాళ్ళ డిమాండు. సొంత పార్టీ పెద్దలే ఎదురు తిరిగారు, ఎందుకంటే వాళ్ళల్లో రైల్వేల మనుషులు ఉన్నారు. కొంత సాధించారు, 1907లో ఫేగన్ ఓడిపోయాడు. ఆ తర్వాత 1917 నుంచి ముప్పై ఏళ్ళు ఊరిని గుప్పిట్లో పెట్టుకున్న ఫ్రాంక్ హేగ్, నీతి విషయంలో ఫేగన్‌కి పూర్తిగా రివర్సు, ఆయన కూడా రైల్వేల మదింపు మీద కోర్టుల్లో పోట్లాడుతూనే వచ్చాడు. అంత పచ్చి అవినీతిపరుడికీ అంత నిజాయితీపరుడికీ ఒకే విషయంలో కడుపు మండిందంటే అందులో ఏదో ఉందన్నమాటే.

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, రైల్వేలు తమ వైపు నుంచి చెప్పిన వాదన మనకు చాలా పరిచితం. మేం లేకపోతే ఈ ఊరే లేదు, మేం ఉద్యోగాలిస్తున్నాం, మా మీద ఎక్కువ పన్నేస్తే అందరికీ నష్టం. 1986లో న్యూపోర్ట్ పనులు మొదలయ్యేటప్పటికీ ఇదే మాట, కొత్త లెటర్‌హెడ్ మీద.

పైలట్ అంటే

అమెరికాలో ఇల్లు కొన్నవాళ్ళకు తెలుసు, ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లులో మూడు పెద్ద గడులుంటాయి: మునిసిపాలిటీ, కౌంటీ, స్కూళ్ళు. నా బిల్లులో స్కూళ్ళ గడి చిన్నదేం కాదు. టవర్లలో చాలావాటికి ఈ బిల్లే వేరు. రాష్ట్ర చట్టం ప్రకారం సిటీ కౌన్సిల్ కట్టడం మీద మామూలు పన్ను మాఫీ చేసి, దాని బదులు ఏటా వచ్చే రాబడిలో ఇంత శాతమని తీసుకోవచ్చు, ముప్పై ఏళ్ళ దాకా. దీన్నే ఇక్కడ పైలట్ అంటారు, 'పన్నుకు బదులు చెల్లింపు' అనే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు. వచ్చిన డబ్బులో 95 శాతం సిటీకి, 5 శాతం కౌంటీకి. స్కూళ్ళకు సున్నా.

మళ్ళీ చదవండి, అసలు కిటుకంతా అక్కడే ఉంది. బిల్డరుకు మొత్తం మీద తక్కువ పడుతుంది, సిటీ హాలుకేమో మామూలు పన్నులో తన వాటాగా వచ్చేదానికన్నా ఎక్కువ వస్తుంది. ఇద్దరూ నవ్వుతూ ఫొటో దిగుతారు. నష్టపోయేవాడు ఆ గదిలోనే ఉండడు. బావమరిది సొమ్ముతో పెళ్ళి విందు పెట్టినట్టు. మేయర్లు మంచివాళ్ళా చెడ్డవాళ్ళా అనేది ఇక్కడ అనవసరం. ఈ ఏర్పాటులో ఎవరున్నా చేతికి అదే పని వస్తుంది.

సరే, స్కూళ్ళు మూతపడలేదు కదా అంటారు. పడలేదు. ఎందుకంటే ఆ లోటు రాష్ట్రం నింపింది. బీద పట్టణాల స్కూళ్ళకు చాలినంత డబ్బివ్వాలని న్యూజెర్సీ సుప్రీం కోర్టు ఇచ్చిన ఆబట్ తీర్పుల పుణ్యమా అని జెర్సీ సిటీ స్కూళ్ళకు రాష్ట్ర రాజధాని ట్రెంటన్ నుంచి పెద్ద మొత్తాలు వచ్చేవి. అంటే ఎక్కడో దక్షిణ జెర్సీలో టమాటాలు పండించుకునేవాడు కట్టిన ఇన్‌కమ్ ట్యాక్సు కూడా పరోక్షంగా హడ్సన్ ఒడ్డు టవర్ల రాయితీకి ఆసరా అయింది. ఇంకో సంగతి: 1989లో జెర్సీ సిటీ స్కూళ్ళు ఎంత అధ్వానంగా ఉన్నాయంటే రాష్ట్ర ప్రభుత్వమే వాటిని స్వాధీనం చేసుకుంది, దేశంలో అలా జరగడం అదే మొదటిసారి. న్యూపోర్ట్ మాల్ తెరిచింది 1987లో. ఒకే ఊరు, అవే ఏళ్ళు.

తర్వాత 2018లో రాష్ట్రం చట్టం మార్చింది. ఇంత ఆస్తి ఉన్న ఊరికి ఇంత సాయం ఎందుకని ఏటా కొంత కొంత కోసుకుంటూ పోయింది. తప్పనలేం. సిటీ 2019 నుంచి కంపెనీల మీద, అవి ఇచ్చే జీతాల లెక్కన 1 శాతం పేరోల్ ట్యాక్స్ వేసి స్కూళ్ళకు మళ్ళించింది. అదీ చాలలేదు. స్కూలు పన్ను పెరిగింది. పెరిగింది మామూలు బిల్లు వచ్చేవాళ్ళకు.

అప్పట్లో మావాడి బళ్ళో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు, ఏ పోస్టులు తీసేయాల్సి వస్తుందో చెప్పడానికి. నా పక్కన ఊరికి దక్షిణాన ఉన్న గ్రీన్‌విల్ పేట నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుంది, మనవరాలి కోసం వచ్చిందట. స్క్రీన్ మీద లెక్కలు నడుస్తుండగా నావైపు వంగి, "మా వీధిలో చూరు కారే ఇల్లు కూడా బడికి కడుతుంది. నీళ్ళ దగ్గర ఆ అద్దాల మేడలు కట్టవెందుకు, నువ్వు కంప్యూటర్లవాడివిలా ఉన్నావు, చెప్పు" అంది. ఆవిడ గొంతులో కోపం కూడా లేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. పైలట్ సంగతి నాకు తెలిసినంత చెప్పాను. అంతా విని, "అయితే వాళ్ళ పిల్లలు ఈ బళ్ళకే వస్తారుగా?" అంది. వస్తారు. మావాడూ అలా వచ్చినవాడే.

2018లోనే ఇంకోటి జరిగింది. ఊళ్ళో ఇళ్ళ విలువలు మళ్ళీ కట్టారు, 1988 తర్వాత అదే మొదటిసారి. మధ్య ముప్పై ఏళ్ళలో డౌన్‌టౌన్ ఇళ్ళ ధరలు ఎన్ని రెట్లు పెరిగినా పన్ను పాత లెక్కనే. కొత్త లెక్క వచ్చాక డౌన్‌టౌన్‌లో చాలామందికి బిల్లు గుండెలదిరేలా పెరిగింది, గ్రీన్‌విల్ లాంటి చోట్ల చాలామందికి తగ్గింది. తగ్గిందంటే ఏమిటి? అన్నేళ్ళూ వాళ్ళు తమ వాటాకు మించి కట్టారని.

అవతలివాళ్ళ మాట

ఈ విషయం మీద నాతో వాదించే ఆఫీసు మిత్రుడు ఒకడున్నాడు, రియల్ ఎస్టేట్ లెక్కలు బాగా తెలిసినవాడు. వాడి వాదనలో బలం ఉంది, దాటవేయలేను.

1980ల మొదట్లో ఇక్కడ ఏ బ్యాంకూ రూపాయి అప్పివ్వదు, నేల కింద ఏముందో ఎవరికీ తెలియదు, ఊరిమీద చెడ్డపేరు. ఆ స్థితిలో వందశాతం పన్ను అడిగితే వచ్చేది సున్నాకి వందశాతం. రాయితీ ఇచ్చి ఎంతో కొంత రాబట్టుకోవడమే తెలివి. పైగా పైలట్ డబ్బుతోనే సిటీ పోలీసులకూ రోడ్లకూ జీతాలూ ఖర్చులూ నడిపింది, అది గ్రీన్‌విల్‌కీ అందింది. 2020 నాటికి జనాభా 2,92,449కి చేరింది. పడిపోతున్న అమెరికన్ పట్టణాలు ఎన్ని ఇలా లేచాయో చెప్పమంటాడు. టవర్లలో పిల్లలు తక్కువ, స్కూళ్ళ మీద భారం తక్కువ అని కూడా అంటాడు. ఈ చివరిది ఒంటరి బ్యాంకు ఉద్యోగులుండే రోజుల్లో నిజమేమో, ఇప్పుడు సాయంత్రం న్యూపోర్ట్ ఆటస్థలంలో ఉయ్యాల దొరకాలంటే క్యూ కట్టాలి.

మొదటి పదేళ్ళ రాయితీని నేను తప్పుపట్టను. ఎవరూ రానిచోటికి పిలుస్తున్నప్పుడు ఏదో ఒకటి ఇవ్వాలి. నా అభ్యంతరం తర్వాతి ఇరవై, పాతిక ఏళ్ళ మీద. 2004కి పెట్టుబడి బ్యాంకు గోల్డ్‌మన్ శాక్స్ 781 అడుగుల టవరు కోల్గేట్ స్థలంలో లేచింది. ట్రేడర్లు నది దాటి రావడానికి ఇష్టపడలేదని పత్రికలు అప్పట్లో రాశాయి, అది వేరే సంగతి. హడ్సన్-బెర్గెన్ లైట్ రైల్ 2000లోనే నడవడం మొదలైంది. ఒడ్డు అప్పటికే నిండింది, అద్దెలు మన్‌హాటన్‌తో పోటీ పడుతున్నాయి. అయినా కొత్త టవరు వచ్చినప్పుడల్లా అదే రాయితీ అడగడం, కౌన్సిల్ ఇవ్వడం అలవాటైపోయింది. 2013 తర్వాత నదికి దూరమైనకొద్దీ ఎక్కువ రాయితీ, ఒడ్డున తక్కువ అని శ్రేణులు పెట్టారు. మంచి పనే, ఎప్పుడో చేయాల్సింది. అప్పటికే సంతకాలైన దీర్ఘకాలపు ఒప్పందాలు వాటి దారిన అవి నడుస్తూనే ఉంటాయి.

ఇక "బిల్డర్లు బంగారం చేశారు" అన్నదానికి. పాత్ రైలు లేకపోతే న్యూపోర్ట్ లేదు. ఆ సొరంగాలు తవ్వింది ప్రైవేటు కంపెనీయే, దాని విద్యుత్ కేంద్రం 1908 నాటిది వాషింగ్టన్ స్ట్రీట్‌లో ఇప్పటికీ ఎర్రటి మొండిగోడలతో నిలబడి ఉంది, కానీ దివాలా తీశాక 1962లో ప్రజల డబ్బుతో నిలబెట్టింది న్యూయార్క్, న్యూజెర్సీ రాష్ట్రాల ఉమ్మడి సంస్థ పోర్ట్ అథారిటీ. లైట్ రైల్ రాష్ట్రానిది. మొదట్లో ఫెడరల్ గ్రాంటు వచ్చింది. 2012 అక్టోబరు 29 రాత్రి శాండీ తుఫానుకు నది పాత యార్డుల నేల మీదికి తిరిగి వచ్చినప్పుడు (ఎక్కువభాగం పూడ్చిన నేలే, నీటికి గుర్తుంటుంది కాబోలు) మిత్రుల ఇంటికి మంచినీళ్ళ క్యాన్లు చీకటి మెట్ల మీద మోసుకెళ్ళాం. ఇలాంటిది మళ్ళీ రాకుండా హోబోకెన్, వీహాకెన్, జెర్సీ సిటీలో కొంత భాగానికి రక్షణ గోడలూ గేట్లూ కట్టడానికి 2014లో ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చింది 23 కోట్ల డాలర్లు. ఒడ్డుకు విలువ తెచ్చినవాటిల్లో, కాపాడుతున్నవాటిల్లో, ప్రజల సొమ్ము లేనిది ఏదో వెతకాలి. రిస్కు తీసుకున్న బిల్డరుకు లాభం రావాలి, వచ్చింది. రిస్కు తీసుకున్న ఊరికి?

ముప్పై అడుగులు

ఒడ్డు నుంచి ఊరికి నిజంగా దక్కింది ఒకటుంది. ఆ నడకదారి. నదీతీరంలో ఏది కట్టినా నీటి అంచున కనీసం ముప్పై అడుగుల వెడల్పు దారి ప్రజలకు వదలాలని రాష్ట్రం 1980ల్లో నియమం పెట్టింది. బేయోన్ నుంచి జార్జ్ వాషింగ్టన్ వంతెన దాకా, 18 మైళ్ళకు పైగా. ఒక్కో బిల్డరూ తన ముక్క తనే వేసి, తనే చూసుకోవాలి. అందుకే నడుస్తుంటే నేల మారిపోతుంటుంది, ఇక్కడ ఇటుక, అక్కడ చెక్క, ఆపైన కాంక్రీటు. ఒక భవనం ముందు రాత్రి తొమ్మిదింటికి సెక్యూరిటీ అతను మమ్మల్ని ఆపి, "మీరు రెసిడెంట్సేనా?" అన్నాడు. ఇది పబ్లిక్ దారి అని బోర్డు చూపిస్తే, పాపం కొత్తవాడు, బోర్డు చదివి దారిచ్చాడు. వీకెండ్‌లో అక్కడ ఊరంతా కనిపిస్తుంది: గాలం వేసే ఫిలిప్పినో తాతలు, ఈజిప్టు కుటుంబాలు, అమ్మానాన్నలను తిప్పుతున్న మనవాళ్ళు. చట్టం అడిగింది కాబట్టి ఇచ్చారు. అడగకపోతే ఇచ్చేవాళ్ళు కాదు. అడిగినా టవర్లు కట్టడం ఆగలేదని కూడా గమనించాలి, ఎందుకంటే ప్రతిసారీ "షరతులు పెడితే బిల్డరు పారిపోతాడు" అన్న మాటే వినిపిస్తుంది.

దక్షిణాన లిబర్టీ స్టేట్ పార్కు ఇంకా పెద్ద ఉదాహరణ. 1958లో మోరిస్ పెసిన్ అనే వ్యాపారి ఒక విలేకరిని పడవలో ఎక్కించుకుని జెర్సీ సిటీ నుంచి లిబర్టీ విగ్రహం దాకా తెడ్డేసుకుని వెళ్ళాడు. ఎనిమిది నిమిషాలు పట్టింది. మన్‌హాటన్ చుట్టూ తిరిగి ఫెర్రీలో పోతే గంటలు. ఆ తీరాన్ని పార్కు చెయ్యమని అడగడానికి చేసిన పని అది, పార్కు 1976లో తెరిచారు. గోల్ఫ్ కోర్సు, వాటర్ పార్కు, మెరీనా అంటూ దాని మీద కన్నేసినవాళ్ళను ఊరివాళ్ళు ప్రతిసారీ తిప్పికొడుతూనే ఉన్నారు. బిల్డర్లు రాకముందే ఆ నేల ప్రజలదైపోవడం వల్ల మిగిలింది.

మిగిలినచోట ఊరికీ ఒడ్డుకూ మధ్య ఏముందో నడిచి చూడాలి. హామిల్టన్ పార్కు వైపు నుంచి న్యూపోర్ట్ నదికి వెళ్ళాలంటే మాల్ పార్కింగ్ గ్యారేజీల పక్కగా, మెరిన్ బులవార్డు దాటుకుని పోవాలి. సిక్స్త్ స్ట్రీట్‌లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వేసిన రాతి కట్ట అరమైలు పొడుగున ఉంది, పెద్ద పెద్ద బండలు, పైన పట్టాలు పోయి చెట్లు మొలిచాయి, వీధులు అడ్డొచ్చినచోట వంతెనలు ఊడదీసేసి ఖాళీలు మిగిలాయి. ఊరు దాన్ని పార్కు చేద్దామనుకుంటే 2005లో కాన్‌రెయిల్ అనే రైల్వే కంపెనీ ఒక డెవలపరుకు అమ్మేసింది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరగడమే. ఫస్ట్ స్ట్రీట్‌లో పాత లారిలార్డ్ పొగాకు గిడ్డంగిలో ఆర్టిస్టుల స్టూడియోలుండేవి. వాళ్ళను ఖాళీ చేయించి కూలగొట్టారు, దాని స్థానంలో పేరున్న ఆర్కిటెక్టు రెమ్ కూల్‌హాస్ సంస్థ గీసిన టవరు వస్తుందన్నారు, ఆ బొమ్మ కాగితం దాటలేదు. కోల్గేట్ గడియారం మాత్రం భద్రంగా దాచుకున్నారు, 1924 నాటిది, యాభై అడుగుల ముఖం. అది నదికి అవతలివాళ్ళు చూడటానికి పెట్టిన ప్రకటన. ఊరివైపు నుంచి వెళ్తే కనిపించేది ఇనప ఊచల వీపు. ఫ్యాక్టరీలో చేసినవాళ్ళకూ అప్పట్లో టైము అలాగే కనిపించి ఉంటుంది.

ఫ్యాక్టరీలు ఉండిపోవాల్సిందని నేను అనడం లేదు. సబ్బు వాసన గురించి పాతకాలపువాళ్ళు ముచ్చటగానే చెబుతారు గానీ ఈ కౌంటీలో 1905 నుంచి 1976 దాకా క్రోమియం రసాయనాలు చేసే క్రోమేట్ ప్లాంట్లు నడిచి, విషపు మట్టిని పూడికకని ఎక్కడ పడితే అక్కడ పోశాయి. ఆ రోజులు తిరిగి రమ్మని ఎవడూ కోరుకోడు.

పడమటి ఒడ్డు

ఆ క్రోమియం వల్లే ఇప్పుడు నా ఆశ ఇంకో నది మీదికి మళ్ళింది. ఊరికి పడమర హాకెన్‌శాక్ నది ఉంది, రూట్ 440 పక్కన. అక్కడ క్రోమేట్ ప్లాంటు వ్యర్థాలతో నిండిన పెద్ద స్థలం. చుట్టుపక్కల చర్చీలవాళ్ళు కలిసి 1995లో దావా వేశారు, 2003లో ఫెడరల్ కోర్టు, ప్లాంటు బాధ్యత వారసత్వంగా వచ్చిన హనీవెల్‌ను ఆ మట్టి మొత్తం తవ్వి తీసేయమంది. పైన కప్పేసి ఊరుకుంటామన్న మాట చెల్లలేదు. లక్షల టన్నులు తవ్వారు. 2018లో సిటీ 17 కోట్ల డాలర్ల దాకా అప్పుకు సిద్ధపడి, అందులో హనీవెల్ భాగాన్ని తనే కొనడానికి పూనుకుంది. మొత్తం స్థలం సుమారు వంద ఎకరాలు. బేఫ్రంట్ అంటారు. అంతా కడితే 8,000 ఇళ్ళు, వాటిలో 35 శాతం మామూలు జీతగాళ్ళకు అందే ధరలో అని మాట ఇచ్చారు.

తూర్పు ఒడ్డుకూ దీనికీ నాకు కనిపించే తేడా నేల ఎవరిదన్నదే. అక్కడ పేరం మొదలయ్యేసరికి నేల బిల్డరు చేతిలో ఉంది, ఊరి చేతిలో రాయితీ ఒక్కటే ఉంది. ఇక్కడ ప్లాటు అమ్మేది ఊరే, కాబట్టి షరతూ ఊరిదే. అనుమానాలు లేకపోలేదు. అప్పు మీద వడ్డీ పెరిగేకొద్దీ ఆ 35 శాతం మీదే ముందు కన్ను పడుతుంది. లైట్ రైలును రూట్ 440 దాటించాలన్న ప్రతిపాదన ఏళ్ళుగా నానుతోంది, అది రాకపోతే అందరూ కార్లేసుకుని అదే రోడ్డెక్కుతారు. చవక ఇళ్ళు కట్టాలంటే పన్ను మినహాయింపు కావాలని బిల్డర్లు అడుగుతారు, చవక ఇళ్ళ వరకూ అందులో న్యాయం ఉంది. మిగతా 65 శాతానికీ అదే కాగితంలో కలిపి రాయించుకోకుండా చూడటం కౌన్సిల్ పని, కౌన్సిల్ చేస్తుందో లేదో చూడటం మన పని. ఒక్కో ప్లాటు ఓటింగుకు వచ్చినప్పుడు ఎవరైనా వెళ్ళి మైకు ముందు కొద్ది నిమిషాలు మాట్లాడొచ్చు, సిటిజన్‌షిప్ అడగరు. గ్రూపులో ఈ పోస్టు లింకు పెడుతున్నాను. వచ్చేవాళ్ళు చెప్పండి, నా కారులో ఇంకో ముగ్గురికి చోటుంది.